చెత్తకొండ మీంచి కోపెన్‌హేగన్

2025 కల్లా ప్రపంచంలోనే మొదటి కార్బన్ న్యూట్రల్ రాజధానిని, అంటే వదిలే కార్బన్ లెక్క చివరికి సున్నాకి తేలే రాజధానిని అవుతానని డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్ 2012లో పంతం పట్టింది. తీరా 2022 ఆగస్టులో, గడువు ఇంకా మిగిలుండగానే, అనుకున్న టైముకి కుదరదని మేయరే చెప్పేశారు. మొదటి వార్త చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. అలాంటి ప్రకటనలు వింటూనే ఉంటాం. రెండోది చదివాక మాత్రం ఆ ఊరు చూడాలనిపించింది. గొప్పలు చెప్పుకునే ఊళ్లు బోలెడున్నాయి. గడువు రాకముందే చేతులెత్తేసిన ఊళ్లో అయితే బండి ఎక్కడ ఆగిందో కళ్లారా చూడొచ్చు.

అక్టోబరులో వెళ్లాను. చెవులు పట్టేసేంత గాలి. వెస్టర్‌బ్రో ప్రాంతంలో ఓ పాత ఇటుక భవనం మూడో అంతస్తులో, రిటైరైన ఒకావిడ అద్దెకిచ్చే గదిలో దిగాను. తాళంచెవి చేతికివ్వకముందే ఆవిడ నన్ను కిటికీ కిందున్న రేడియేటర్ దగ్గరికి తీసుకెళ్లింది. లోపల వేడినీళ్లు పారి గదిని వెచ్చబరిచే ఇనప పలక అది.

“మీ గదిలోదాని మీట ఐదు మీద పెట్టేసి హాల్లోది కట్టేయకండి. రెండూ రెండున్నర మీదే ఉండనివ్వండి,” అంది. తర్వాత నా చేత రేడియేటర్ పైభాగం ముట్టించింది. వేడిగా ఉంది. అడుగుభాగం ముట్టించింది. చల్లగా ఉంది. “ఇలాగే ఉండాలి. నీళ్లు తమ వేడంతా ఇక్కడ వదిలేసి వెళ్లాలి. వేడివేడిగా వెనక్కి పంపామో, బిల్లులో అదనంగా వడ్డిస్తారు.”

ఎక్కడికి వెనక్కి పంపడం అంటే, ఊరి గొట్టాల్లోకే. ఆ ఇంట్లో బాయిలర్ లేదు, గ్యాస్ పొయ్యి మీద నీళ్లు కాచే ఏర్పాటూ లేదు. వీధుల కింద వేసిన గొట్టాల్లో వేడినీళ్లు ఊరంతా తిరుగుతుంటాయి. దాన్నే డిస్ట్రిక్ట్ హీటింగ్ అంటారు. కోపెన్‌హేగన్ ఇళ్లలో దాదాపు 98 శాతానికి వెచ్చదనం ఇలాగే అందుతుంది. నీళ్లు చల్లబడి వెనక్కి వెళ్తే ప్లాంటు వాటిలోకి కొత్త వేడిని బాగా ఎక్కించగలదు, గొట్టాల్లో దారి పొడుగునా పోయే వేడీ తగ్గుతుంది. అందుకే ఆ అడుగుభాగం పరీక్ష.

ఈ గొట్టాల కథ వాతావరణ సదస్సుల కంటే చాలా పాతది. 1903లో పక్కనే ఉన్న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో చెత్త కాల్చే ప్లాంటు ఒకటి పెట్టి, దాని వేడిని ఆస్పత్రికి పంపడంతో డెన్మార్క్‌లో ఇది మొదలైంది. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు బయటికి తీయొద్దని ప్రభుత్వం ఆంక్ష పెట్టాక, దిగుమతి చమురు మీద బతకడం ఎంత ప్రమాదమో దేశానికి తెలిసొచ్చింది. 1979లో హీట్ సప్లై చట్టం తెచ్చి, ఏ ప్రాంతానికి వేడి ఎలా అందాలన్నది ప్రణాళిక ప్రకారం నడిచేలా చేశారు. అప్పట్లో వాళ్ల బాధ వాతావరణం గురించి కాదు, బిల్లుల గురించి. కానీ దాని లాభం ఇప్పుడు దక్కుతోంది. లక్షల ఇళ్లు ఒకే గొట్టానికి తగిలించి ఉంటే, ఇంధనం మార్చాల్సింది గుప్పెడు ప్లాంట్లలోనే. అమేగర్ ద్వీపంలోని విద్యుత్ కేంద్రం 2020లో బొగ్గు మానేసి చెక్కపేళ్లకి మళ్లింది. మా ఇంటావిడ రేడియేటర్ మాత్రం అదే. ఆవిడ మీట కూడా తిప్పలేదు.

సైకిళ్ల గురించి కూడా రాయాలి, రాయకపోతే కోపెన్‌హేగన్ వెళ్లానంటే ఎవరూ నమ్మరు. లూయిస్ రాణి వంతెన మీద పొద్దున ఎనిమిదింటికి నిలబడితే సైకిళ్ల వరద. ఆగబోతున్నామని చెయ్యెత్తి వెనకవాళ్లకి చెప్పడం, ఎర్రలైటు దగ్గర కాలు ఆనించుకోవడానికి కమ్మీలు, తొక్కుతూనే విసరడానికి వీలుగా వాలుగా బిగించిన చెత్తడబ్బాలు, అన్నీ బాగున్నాయి. అయితే అతిథులంతా ఫొటోలు తీసుకునేది సైకిళ్లకే గానీ ఉద్గారాల పద్దు బాగా తగ్గింది మాత్రం వేడి, కరెంటు దగ్గర. రోడ్డు రవాణా ఇప్పటికీ మొండికేస్తూనే ఉంది. 2019లో 17 స్టేషన్లతో మెట్రో రింగు లైను తెరిచారు, డ్రైవరు లేకుండా నడుస్తుంది, ముందు సీట్లో కూర్చుంటే సొరంగమంతా కనిపిస్తుంది. అయినా పైన రోడ్ల మీద కార్లకు కొదవేం లేదు.

అసలు చూడాలనుకుని వెళ్లింది అమేగర్ బాకె. మార్కెటింగ్ పేరు కోపెన్‌హిల్. చెత్త కాల్చి కరెంటూ, వేడీ తీసే ప్లాంటు ఇది. ఏటా నాలుగు లక్షల టన్నులకు పైగా చెత్త దీని పొయ్యిల్లోకి వెళ్తుంది. బ్యార్కె ఇంగెల్స్ ఆర్కిటెక్ట్ సంస్థ దీని కప్పుని 85 మీటర్ల ఎత్తు నుంచి వాలుగా దించి, దాని మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ పీచు పరిచి స్కీయింగ్ కొండ చేసింది. పక్కగోడ మీద పైకి పాకే ఆట, వాలు పక్కన చెట్లూ, నడకదారీ. 2017లో ప్లాంటు, 2019లో ఆ కొండ తెరుచుకున్నాయి. నడిచి ఎక్కడానికి డబ్బులడగరు.

నడకదారినే ఎక్కాను. సగం దాకా వెళ్లేసరికి గడ్డి, పొదలు, చిన్న పైన్ చెట్లు, కాలి కింద మట్టి. చెత్త వాసన ఎక్కడా లేదు. కింద రోడ్డు మీద చెత్త లారీలు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోతున్నాయి, ఇటు నా పక్కనుంచి స్కీ వేసుకున్న పిల్లలు ఆ పచ్చపీచు మీద గరగరమంటూ దిగుతున్నారు. కాసేపు ఎటు చూడాలో తోచలేదు. దిగేటప్పుడు లిఫ్టులో వచ్చాను. దాని అద్దాల్లోంచి ప్లాంటు లోపలి గొట్టాలు, ట్యాంకులు, ఉక్కు వంతెనలు కనిపిస్తాయి. పైన విహారం, లోపల కార్ఖానా అన్న సంగతి ఆ లిఫ్టులోనే మనసుకెక్కింది.

శిఖరం పక్కనే 124 మీటర్ల పొగగొట్టం. తెల్లగా ఆవిరి వస్తుంటుంది. విష వాయువుల్ని చాలావరకు లోపలే కడిగేస్తారు. కడగకుండా వదిలేది కార్బన్ డయాక్సైడ్‌ని. అది కంటికి కనిపించదు. మొదటి డిజైన్లో ఒక సరదా ఊహ ఉండేది: టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలినప్పుడల్లా గొట్టం ఒక ఆవిరి వలయం ఊదాలని, దాన్ని చూసి జనం ఎంత వదిలామో లెక్కపెట్టుకోవాలని. అది కాగితం, నమూనా దాకానే వచ్చింది. ఎందుకాపారో గానీ నాకు మాత్రం ఊళ్లో అన్నిటికన్నా నచ్చిన ఆలోచన అదే. కొండ కట్టి, ఆ వలయాలు మానేశారు.

2025 ఆశలు ఆగింది ఈ గొట్టం దగ్గరే. చెత్తలో కూరగాయ తొక్కలూ, కాగితం కాలితే ప్రకృతి చక్రంలో పోతుందని లెక్కల్లో వదిలేస్తారు. ప్లాస్టిక్ అలా కాదు. అది చమురు నుంచి వచ్చింది కాబట్టి కాలితే బొగ్గు కాల్చినట్టే. ఆ పొగలోంచి ఏటా 5 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పట్టి భూగర్భంలో దాచాలని ప్లాంటు నడిపే సంస్థ ప్లాను వేసింది. తొక్కల నుంచి వచ్చిన వాయువుని కూడా దాస్తే ఊరి పద్దులో మైనస్ పడుతుంది కదా, నగరం ఆశంతా ఆ మైనస్ మీదే. కానీ ఆ సంస్థ ఐదు మున్సిపాలిటీల ఉమ్మడి ఆస్తి. ఇలా కార్బన్ పట్టి దాచే పనులకిచ్చే జాతీయ నిధికి దరఖాస్తు చేయాలంటే చూపించాల్సిన సొంత మూలధనం వాళ్ల దగ్గర లేదు. అర్హత కుదరలేదు, పథకం ఆగింది. ఆ నిధిలో మొదటి పెద్ద కాంట్రాక్టు 2023లో ఓర్స్టెడ్ అనే డెన్మార్క్ ఇంధన కంపెనీకి వెళ్లింది. యంత్రం లేక ఆగలేదు, బ్యాలెన్స్ షీటు దగ్గర ఆగింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ప్లాంటు ఊరి అవసరానికి మించి పెద్దది. పొయ్యిలు ఖాళీగా ఉండకూడదని బయటి దేశాల చెత్త కూడా తెప్పించుకున్నారు. జనం చెత్త తగ్గిస్తే మెచ్చుకోవాలి, ప్లాంటుకేమో చెత్త కావాలి. ఈ మెలిక కొండ మీది ఆకుపచ్చతనం మధ్య ఎక్కడా కనిపించదు.

శిఖరం నుంచి తూర్పుకి తిరిగితే సముద్రంలో వంపు తిరిగిన వరుసలో 20 గాలిమరలు కనిపిస్తాయి. మిడల్‌గ్రుండెన్. 2000లో కట్టినవి, ఒక్కోటి 2 మెగావాట్లు. సగం నగర యుటిలిటీవి, సగం ఎనిమిది వేలమందికి పైగా మామూలు జనం వాటాలు కొని పెట్టుకున్న సహకార సంఘానివి. గాలిమరలంటే ఎవరో పెద్ద కంపెనీవి అనుకునే నాకు ఇది విశేషంగా తోచింది. తన వాటా మరలు అవే అని వేలెత్తి చూపించగలిగే మనుషులున్న ఊరు.

అక్కడ గాలికి వణుకుతూనే పద్దు మొత్తం మనసులో తిరగేశాను. 2005తో పోలిస్తే ఊరి ఉద్గారాలు నాలుగింట మూడు వంతుల దాకా తగ్గాయి. తక్కువేం కాదు. అయితే ఆ పద్దు రాసే తీరు గురించి రెండు మాటలు అనక తప్పదు. చెక్కపేళ్లు కాల్చినదాన్ని సున్నా కింద రాస్తారు, అది ఓడల్లో పరాయి దేశాల అడవుల నుంచి వస్తున్నా సరే. చెట్టు మళ్లీ పెరిగితే సున్నాయే, కానీ పొగ ఇవాళ వెళ్తుంది, చెట్టు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. ఇక ఊళ్లోవాళ్లు కొనే బట్టలు, ఫోన్లు, తినే మాంసం, ఎక్కే విమానాలు ఈ లెక్కలో లేనే లేవు. నన్ను మోసుకొచ్చిన విమానం పొగా లేదు. ఇది కోపెన్‌హేగన్ ఒక్కదాని తప్పు కాదు, నగరాలన్నీ దాదాపు ఇలాగే రాస్తాయి. కొత్త లక్ష్యం 2035 నాటికి క్లైమేట్ పాజిటివ్, అంటే వదిలేదానికన్నా ఎక్కువ పీల్చుకోవడం. ఈసారి జనం కొనుగోళ్ల పొగనీ పరిగణనలోకి తెస్తున్నారు. నా మట్టుకు ఆ తేదీ కన్నా ఈ రెండో మార్పే పెద్దది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఇంటావిడ పెరట్లో చెత్తడబ్బాల దగ్గరుంది. భవనానికంతా ఉమ్మడిగా అక్కడో వరుస డబ్బాలు: తిండి వ్యర్థాలకి ఆకుపచ్చ సంచులు, కాగితం, అట్ట, గాజు, లోహం, ప్లాస్టిక్, చివరికి మిగతా చెత్త. ఖాళీ నీళ్లసీసాల్ని మాత్రం ఆవిడ వేటిలోనూ వెయ్యలేదు. దుకాణంలో మెషీన్‌కిస్తే సైజునీ రకాన్నీ బట్టి ఒకటి నుంచి మూడు క్రోనర్ల దాకా డిపాజిట్ వెనక్కొస్తుందట.

కొండెక్కొచ్చానని చెప్పాను. “స్కీ చేశారా?” అనడిగింది. లేదన్నాను. మిగతా చెత్త డబ్బా మూత తీసి లోపలికి తొంగిచూసి, ఎవరో పడేసిన పెరుగు డబ్బాని రెండువేళ్లతో పైకి తీసింది. “ఇదీ మీ కొండ మీద కాలేది,” అని దాన్ని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, రెండో అంతస్తు వాళ్లే అయ్యుంటారని గొణుక్కుంటూ మెట్లెక్కింది.