పేషెంటు నేనే

“దాత మీరేనా? పేషెంటును కూడా పిలవండమ్మా” అన్నారు నర్సు, ఫైలు తెరవకుండానే.

“పేషెంటు నేనే. దాత మా అబ్బాయి” అంది పిన్ని.

నర్సును తప్పుపట్టలేను. పొద్దున్నుంచి ఆ హాల్లో చూసిన జంటలన్నీ దాదాపు ఒకే తీరు: రోగి భర్త, దాత భార్య. మన దేశంలో కాలేయ మార్పిడికి ఎక్కువగా బతికున్నవాళ్లే కాలేయం పంచి ఇస్తారు. ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, పుచ్చుకునేవాళ్లలో మగవాళ్లు. కాలేయ క్యాన్సర్ మగవాళ్లకే ఎక్కువ వస్తుందన్నది నిజమే. లెక్కంతా దానితోనే తేలదు కదా!

కండ నుంచి పుట్టే, కిడ్నీలు వడకట్టి పంపే వ్యర్థం క్రియాటినిన్; రక్తపరీక్షలో పిన్నికి అది 0.9. హమ్మయ్య అనుకోబోయాను, డాక్టరు ఆపారు. ఆడవాళ్లలో కండ తక్కువ కాబట్టి, కిడ్నీలు దెబ్బతింటున్నా ఆ అంకె బాగానే కనిపిస్తుందట. కాలేయం ముందు ఎవరికివ్వాలో తేల్చే మెల్డ్ స్కోరులో అదీ ఒక భాగమే. అమెరికాలో 2023లో సూత్రం సవరించి ఆడవాళ్లకు 1.33 పాయింట్లు కలిపారు. అన్నేళ్లు తక్కువ తూచినదానికి రెండు దశాంశాల వరకూ లెక్క!

లిఫ్టులో పిన్ని నా చెవిలో అడిగింది: “వాడికి కుట్లు ఎంత పొడుగు పడతాయిరా?”