సెకండ్ హ్యాండ్ స్లాబ్ రంపం కొని వాడిన నా అనుభవం

రాళ్లు కోసి సాన పట్టే సరదా ఉన్నవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు పెద్ద రాళ్లని పలకలుగా కోసే స్లాబ్ రంపం కొనాలన్న కోరిక పుడుతుంది. మొదట్లో చిన్న రాళ్లు కోసే ఆరంగుళాల ట్రిమ్ రంపం చాలనిపిస్తుంది, పిడికెడు రాయి వరకు అది నిజమే, ఆ పైన దానివల్ల కాదు. పెద్ద అగేట్ ముద్దలు, జాస్పర్ బండలు మూలన పోగుపడతాయి. కోసిన పలకలు కొనుక్కోవచ్చు కదా అంటారు కానీ, అగేట్ లోపలి చారలు మనం ఏ వైపు నుంచి కోశామన్న దాన్ని బట్టి వేరేగా కనిపిస్తాయి, పలక కొంటే ఆ నిర్ణయం ఇంకెవరో చేసేసినట్టే. రాయి లోపల ఏముందో మొదట నేనే చూడాలన్న ఆశ ఇంకోటి. కొత్త స్లాబ్ రంపం మన తాహతుకు మించిన వ్యవహారం కాబట్టి పాతదాని కోసం వెతకడం మొదలుపెట్టాను.

దొరికింది పద్దెనిమిదంగుళాల బ్లేడు పట్టే యంత్రం. పద్దెనిమిది అంటే అంత లోతు కోస్తుందనుకునేరు, బ్లేడు మధ్యలో షాఫ్టు, బ్లేడుని రెండు వైపులా నొక్కి పట్టే ఫ్లాంజులు ఉంటాయి కాబట్టి నిజంగా పనికొచ్చేది వ్యాసంలో దాదాపు మూడో వంతే, అంటే ఆరంగుళాల మందం రాయి. అమ్మినాయన ఈ పని మానేసి చాలాకాలమైందట. రంపానికి పైన కొత్తగా రంగు వేసి ఉంది, పాత యంత్రం మీద కొత్త రంగు చూస్తే నాకు కొంచెం అనుమానమే. బ్లేడు కూడా కొత్తదేనండీ అని ఆయన రెండుమూడు సార్లు చెప్పాడు. నా లెక్కలో అది కొనడానికి కారణం కాదు. బ్లేడు అరిగిపోయే వస్తువు, బెల్టు మార్చుకోవచ్చు, మోటారు మార్చుకోవచ్చు. వంగిన షాఫ్టు, రాయిని మోసే బండి నడిచే పట్టాలకి గుంటలు ఉన్న రంపాన్ని మాత్రం ఊరికే ఇచ్చినా తెచ్చుకోకూడదు, ఎందుకంటే స్లాబ్ రంపం మొత్తం ఒకే ఒక్క పని కోసం ఉంది, రాయిని బ్లేడుకి సమాంతరంగా, ఊగకుండా, మెల్లగా నెట్టడం కోసం.

అందుకే అక్కడ చూసినవి ఇవి. బెల్టు తీసేయించి షాఫ్టుని చేత్తో తిప్పాను, గరగర వినిపిస్తే బేరింగులు పోయినట్టే, పట్టుకుని పైకీ కిందికీ ఊపినప్పుడు టక్కుమంటే ప్లే, అంటే వదులు, ఉన్నట్టు. బేరింగులు పెద్ద సమస్య కాదు, బయట దొరుకుతాయి, కానీ ప్లే ఉండగానే ఏళ్ల తరబడి నడిపి ఉంటే షాఫ్టు కూడా అరిగి ఉండవచ్చు. తర్వాత రాయిని బిగించే వైస్ కూర్చునే బండిని, అంటే క్యారేజ్‌ని, పట్టాల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా తోశాను, మధ్యలో పట్టేసే చోటు ఉందా, పక్కకి కదులుతుందా అని. దాన్ని ముందుకు లాగే పొడవాటి మర స్క్రూ, దాని మీద వాలే సగం నట్టు, ఈ రెంటినీ టార్చి వేసి చూడాలి. బ్లేడు వేడెక్కకుండా కింది తొట్టిలో పోసే నూనెలో రాతి పొడి కలిస్తే సాన పెట్టే పేస్టే కదా, అది మరల్లోకి చేరి అరగదీస్తుంది. సగం నట్టు అరిగితే స్క్రూ మీద జారుతుంది, క్యారేజ్ ఆగి ఆగి నడుస్తుంది. నేను చూసిన దానిలో స్క్రూ బాగుంది, నట్టు కాస్త అరిగింది, పర్లేదనిపించింది. చివరగా తొట్టి అడుగున వేలు పెట్టి తుడిచి చూశాను. వెల్డింగు దగ్గర నూనె చెమ్మ ఉంది. అది చూపించి బేరం ఆడాను, తగ్గించాడు.

తేవడం గురించి చెప్పాల్సింది తక్కువ. నూనె తీసేయండి, వైస్, మోటారు, బ్లేడు విడదీయండి, బ్లేడుని నిలబెట్టి కాకుండా చదునైన చెక్క మీద పడుకోబెట్టి కట్టండి. బ్లేడు నట్టు కొన్ని యంత్రాలకి ఎడమ మర ఉంటుంది, అంటే మామూలుకి ఎదురుగా తిప్పాలి, రాకపోతే బలం పెంచే ముందు ఒకసారి మర ఎటు వాలి ఉందో చూడండి.

ఆ నూనె సంగతి వేరే కథ. తొట్టి అడుగున మడ్డి గట్టిపడి తాపీతో గీకాల్సినంతగా ఉంది, పైన ఉన్నదేమో డీజిల్ వాసన. పాతకాలంలో చాలామంది డీజిల్, కిరోసిన్ పోసి నడిపేవాళ్లు, ఇప్పటికీ చవక అని పోసేవాళ్లు ఉన్నారు. నాకు అది ససేమిరా ఇష్టం లేదు. కిరోసిన్ ఆవిరి నలభై డిగ్రీల లోపే అంటుకోగలదు, డీజిల్‌ది యాభై దాటాక. మూత మూసిన డబ్బాలో ఆ నూనె తుంపరగా లేస్తుంటే పక్కనే మోటారు స్విచ్చి. అదీ కాక ఆ పొగమంచుని పీల్చేది మనమే. పల్చటి తెల్ల మినరల్ ఆయిల్ పోశాను, వాసన లేదు, అంటుకునే ఉష్ణోగ్రత చాలా ఎక్కువ. నీళ్లు పోసి నడిపే రంపాలూ ఉన్నాయి కానీ ఈ సైజు స్లాబ్ రంపంలో తుప్పు గొడవ, పని అయ్యాక ప్రతిసారీ తొట్టి ఖాళీ చేయాలి. కారుతున్న వెల్డింగుని శుభ్రం చేయించి మళ్లీ వేయించాను. నూనె మట్టం బ్లేడు అంచు అర అంగుళం నుంచి ముప్పావు వరకు మునిగేంత చాలు, ఎక్కువైతే బ్లేడు నూనెని చిలుకుతూ మోటారు మీద భారం వేస్తుంది, మూత అంచుల్లోంచి కారుతుంది కూడా.

మోటారు దగ్గర ఒక వింత బయటపడింది. రంపం మీది ప్లేటు ప్రకారం అసలు మోటారు నిమిషానికి 1725 చుట్లు తిరగాలి, ఉన్నదేమో 1440 చుట్లది, అంటే ఎవరో మధ్యలో మార్చారు, పుల్లీ మాత్రం అలాగే ఉంచేశారు. మోటారు మీద రెండున్నర అంగుళాల పుల్లీ, షాఫ్టు మీద నాలుగున్నర. లెక్కేస్తే బ్లేడు 960 చుట్ల దాకా తిరగాల్సింది 800 దగ్గర ఆగిపోతోంది. అంచు వేగం సెకనుకి 23 మీటర్లు ఉండాల్సింది 19. తక్కువ వేగం అంటే జాగ్రత్తే కదా అనిపిస్తుంది, కానీ వజ్రపు బ్లేడుకి అది మంచిది కాదు, ఒక్కో వజ్రపు రేణువు ఎక్కువ రాయిని కొరకాల్సి వచ్చి లోహంలోంచి ఊడిపోతుంది, బ్లేడు తొందరగా అరుగుతుంది. మరీ వేగం ఎక్కువైతే దీనికి ఎదురు, రేణువులు నున్నబడి బ్లేడు మొండిబారుతుంది. మోటారుకి మూడంగుళాల పుల్లీ వేసేసరికి సరిగ్గా 960 వచ్చింది. పాత యంత్రం కొన్నవాళ్లు మోటారు ప్లేటు చదివి ఈ చిన్న గుణకారం చేసుకుంటే మంచిది, అదేమంత కష్టం కాదు, చాలామంది చెయ్యరు.

ఇక అసలు పని, అలైన్‌మెంట్, అంటే బ్లేడుని క్యారేజ్ నడిచే దారికి సమాంతరంగా తేవడం. సన్నటి తేడాల్ని ముల్లుతో కొలిచి చూపించే డయల్ గేజ్ ఉంటే సుఖం. వైస్ మీద గేజ్ బిగించి, బ్లేడు అంచుకి దగ్గర్లో పెన్నుతో ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తు ముందువైపు ఉన్నప్పుడు గేజ్ ముల్లు దానికి ఆనించి సున్నా చేయాలి. తర్వాత క్యారేజ్‌ని వెనక్కి జరిపి, బ్లేడుని చేత్తో తిప్పి అదే గుర్తుని వెనకవైపుకి తెచ్చి మళ్లీ చదవాలి. అదే గుర్తు ఎందుకంటే, ఏ బ్లేడైనా కొద్దిగా వంకర ఉంటుంది, వేరే చోట ఆనిస్తే ఆ వంకర కూడా లెక్కలో కలిసిపోతుంది. నాకు తేడా అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ వచ్చింది. కంటికి ఆనని తేడా, కానీ ఆరంగుళాల రాయి గుండా వెళ్లేటప్పుడు బ్లేడు పక్కకి ఒరుసుకుంటూ పోతుంది, వేడెక్కి పళ్లెంలా వంగిపోతుంది, పలకలు ఒకవైపు గుంటగా, ఒకవైపు ఉబ్బుగా వస్తాయి. ఒకసారి అలా వంగిన బ్లేడుని మళ్లీ చదును చేయడం మామూలువాళ్ల పని కాదు.

సరిచేయడానికి బేరింగుల దిమ్మెల బోల్టులు సగం వదులు చేసి, ఒక దిమ్మెని చెక్క సుత్తితో కొట్టీ కొట్టనట్టు జరపడం, బిగించడం, మళ్లీ కొలవడం. బిగించినప్పుడల్లా కొంత కదులుతుంది, అక్కడే ఓపిక కావాలి, ఒక సాయంత్రమంతా అందులోనే పోయింది. చివరికి పదో వంతు మిల్లీమీటరు లోపలికి తెచ్చాను. షాఫ్టు పైకీ కిందికీ కొంచెం వాలి ఉందని కూడా తెలిసింది, దాన్ని వదిలేశాను, ఎందుకంటే ఆ వాలు వల్ల పలక ముఖం కాస్త ఏటవాలుగా వస్తుందే తప్ప బ్లేడు ఒరుసుకోదు. షాఫ్టు జరిగింది కాబట్టి బెల్టు వరస మళ్లీ చూసుకోవాలి. ఫ్లాంజులు రెండూ ఒకే సైజువేనా, మధ్యలో ఇసుక రేణువేమైనా ఉందా అన్నది చూడకుండా బ్లేడు ఎక్కించొద్దు.

కొత్తది అన్న బ్లేడు చూస్తే అంచు నున్నగా, వేలికి గాజులా తగిలింది. నిజంగానే పెద్దగా వాడి ఉండరు, మొండిబారింది, అంతే. వజ్రపు బ్లేడుకి పళ్లుండవు, అది కోయదు, అరగదీస్తుంది, లోహంలోంచి వజ్రపు రేణువులు బయటికి పొడుచుకుని ఉంటేనే పని జరుగుతుంది. అరిగిపోయిన పాత సిలికాన్ కార్బైడ్ సాన చక్రం ముక్కని వైస్‌లో పెట్టి నాలుగైదు కోతలు కోయించాను, అది లోహాన్ని కొద్దిగా తినేసి కొత్త రేణువుల్ని బయటపెడుతుంది. మెత్తటి ఇటుకతో కూడా అవుతుంది. ఆ తర్వాత అదే బ్లేడు ఇప్పటికీ నడుస్తోంది.

రాయిని వైస్‌లో బిగించడం గురించి ఎంత చెప్పినా తక్కువే. కోత మధ్యలో రాయి వెంట్రుకవాసి కదిలినా బ్లేడు ఇరుక్కుంటుంది, ఆ ఒక్క క్షణంలో బ్లేడు పోవచ్చు. వైస్ దవడలకి లోపల చెక్కలుంటాయి, ఎగుడుదిగుడు రాయిని పట్టుకోవడానికి ఆ చెక్క అణగాలి, అందుకే గట్టి కర్ర కన్నా మెత్తటి కర్ర నయం. కనీసం మూడు చోట్ల రాయి ఆనేలా చిన్న చెక్క చీలికలు దూర్చి బిగిస్తాను, తర్వాత రెండు చేతులతో పట్టుకుని నిజంగా పీకేద్దామన్నట్టు ఊపి చూస్తాను. గుండ్రటి రాళ్లు ఎంత బిగించినా జారతాయి, వాటిని చెక్క దిమ్మెకి అతికించో, చిన్న అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అందులో కూర్చోబెట్టో పెట్టాలి, ఆరడానికి టైం ఇవ్వాలి. బ్లేడు మొదట తాకే చోటు ఏటవాలుగా ఉండకూడదు, ఉంటే బ్లేడు పక్కకి జారి ఆ వంకరతోనే లోపలికి వెళ్తుంది. అలాంటప్పుడు మొదటి రెండు మిల్లీమీటర్లూ యంత్రానికి వదలకుండా చేత్తో మెల్లగా నడిపించి గాడి పడ్డాక ఫీడ్ వేస్తాను, అంటే క్యారేజ్‌ని స్క్రూకి అప్పగిస్తాను.

తర్వాత మూత వేసి వినడమే. నా రంపంలో అగేట్ అయితే అంగుళానికి పది నిమిషాల దాకా పడుతుంది, అంత నెమ్మదేమిటని స్పీడు పెంచే పని పెట్టుకోను. మామూలుగా ఒకే స్థాయిలో సర్రుమంటూ ఉంటుంది. కీచుమంటే బ్లేడు మొండిబారుతోంది, మోటారు మూలిగితే ఎక్కడో ఒరుసుకుంటోంది, వెంటనే ఆపి చూడటం మేలు. కోత చివర ఇంకో టెన్షన్ ఉంది, పలక విరిగి బ్లేడుకీ వైస్‌కీ మధ్య పడితే ఇరుక్కోవచ్చు. చివర తగిలితే కరెంటు కట్టయ్యే స్విచ్చిని సరిగ్గా కోత ముగిసిన చోట ఆగేలా సెట్ చేసుకున్నాను, అయినా రంపాన్ని వదిలి వెళ్లిపోను.

పలక మందం నేను ఆరు మిల్లీమీటర్లు పెడతాను, పైభాగం గుండ్రంగా సాన పట్టే కాబొషాన్ రాళ్లకి అది సరిపోతుంది. బ్లేడు మందం మేర ప్రతి కోతకీ రాయి పొడిగా పోతుందని మర్చిపోకుండా ఎన్ని పలకలొస్తాయో లెక్కేసుకోవాలి. టర్కాయిస్, హౌలైట్ లాంటి పీల్చే రాళ్లు ఈ రంపంలో పెట్టను, నూనె లోపలికి పోతే రంగు మారుతుంది, ఆ మరక పోదు. మిగతా పలకల్ని కర్ర రంపపు పొట్టులో ఒక రాత్రి పూడ్చిపెట్టి, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడుగుతాను.

మడ్డి విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. తడిగా ఉన్నంతసేపు రాతి పొడి లేవదు కానీ, ఎండిన మడ్డి తుడిస్తే లేచేది సన్నటి సిలికా, ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు, దానికి తిరిగి బాగుపడటం ఉండదు. చీపురు వాడను, తడి గుడ్డతోనే తుడుస్తాను, రెస్పిరేటర్ పెట్టుకుంటాను, మూత తీసే ముందు నూనె తుంపర అణగడానికి కాస్త ఆగుతాను. మడ్డిని కాగితపు సంచిలో వేసి వేలాడదీస్తే నూనె కిందికి కారి మళ్లీ వాడుకోవడానికి వస్తుంది, మిగిలిన ముద్దని మూటకట్టి వాడేసిన నూనెలు తీసుకునే చోట ఇవ్వాలి, డ్రైనేజీలో పోయకూడదు.

ఇంకా మిగిలిన పనులు రెండు. సగం నట్టు కొత్తది ఇత్తడితో చేయించాలి, ఇప్పటికి పాతదే నెట్టుకొస్తోంది. బెల్టు మీద రేకు మూత లేకుండానే వచ్చింది ఈ యంత్రం, కొలతలు ఇచ్చి చేయమని చెప్పాను, అది బిగించేవరకు రంపం నడుస్తుండగా ఆ గదిలోకి ఇంకెవరినీ రానివ్వడం లేదు.