చోటు నచ్చాకే గుడ్డు

అమెరికాలో సియాటిల్ పక్కనున్న రెంటన్‌లో మా లైబ్రరీని సీడర్ నది మీద వంతెనలా కట్టారు. అక్టోబర్‌లో పుస్తకాలు ఇచ్చి రావడానికని వెళ్తానా, నీళ్లలోకి చూస్తూ అక్కడే ఉండిపోతాను. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి వాషింగ్టన్ సరస్సు మీదుగా ఎదురీది వచ్చిన సాకై సాల్మన్ చేపలు ఆ రోజుల్లో మిరపపండులా ఎర్రగా ఉంటాయి, తల మాత్రం ఆకుపచ్చ.

మొన్న శనివారం పొద్దున లైబ్రరీ దాటి కొంచెం ఎగువకి, నీళ్లు మోకాలి లోతు ఉండే చోటికి వెళ్లాను. అక్కడ ఒక ఆడచేప పక్కకి ఒరిగి తోకతో నాలుగైదుసార్లు టపటపా కొట్టింది. గులకరాళ్లు లేచి దిగువకి జారాయి. ఆ గుంటలోకి పొట్ట కింది రెక్క దించి, కాసేపు కదలకుండా నిలబడింది. నచ్చలేదు. మూరెడు అవతలకి వెళ్లి మళ్లీ మొదలుపెట్టింది.

నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి పదిన్నర. భీమవరం దగ్గర పాతికేళ్లు చేపల చెరువులు చేసిన మనిషి. బొచ్చె, శీలావతి చెరువు నీళ్లలో గుడ్లు పెట్టవు. హేచరీలో ఇంజెక్షన్ ఇచ్చి పెట్టించాల్సిందే. వరద నీళ్లలో గుడ్లు వదిలేసి పోయే జాతులవి, గూడు సంగతే వాటికి తెలియదు. అందుకే నాన్న ఫోన్ దగ్గరగా పెట్టమని, "మళ్లీ మార్చిందా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు.

మూడుసార్లు మార్చింది. మార్చదా మరి! గుడ్లు ఆ రాళ్ల సందుల్లో చలికాలమంతా ఉండాలి. సందుల్లోంచి నీరు పారుతుంటేనే వాటికి ఊపిరి. ఒండ్రు కూరుకుపోతే లోపలే చచ్చిపోతాయి. రాయి మరీ పెద్దదైతే తోకకి కదలదు, మరీ సన్నదైతే వరదకి కొట్టుకుపోతుంది. అడుగు నుంచి నీరు ఊరే చోటు దొరికితే ఇంకా మంచిది. కడుపులో దాదాపు 3,000 గుడ్లు. ఇంకో ఏడాదికి అది బతికి ఉండదు.

మగచేప తవ్వలేదు. పక్కనే తిరుగుతూ వేరే మగవాటిని తరుముతోంది. చివరికి రెండూ గుంటలో పక్కపక్కన నోళ్లు తెరిచి వణికాయి. ఆ వెంటనే ఆడచేప కాస్త ఎగువకి జరిగి తవ్వడం మొదలుపెట్టింది. లేచిన రాళ్లు వచ్చి గుడ్ల మీద పడ్డాయి.

"కప్పేసింది" అన్నాడు నాన్న, మెల్లగా.

నిన్న మళ్లీ వెళ్లాను. అదే చోట ఒక ఆడచేప ఉంది. తవ్వి తవ్వి తోక అంచు తెల్లగా చీలికలైపోయింది. అక్కడ తవ్వడానికి వచ్చిన ఇంకో ఆడచేపని, ఆ ఒంటితోనే వెంటపడి తరిమింది.