రెండో గ్లాసు: నా కటౌట్ యానిమేషన్ ఎంతవరకు వచ్చిందంటే

కాగితం బొమ్మలు కత్తిరించి, కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫొటో తీసి వరసగా చూపిస్తే అవి కదులుతున్నట్టు ఉంటాయి, అదే కటౌట్ యానిమేషన్. నా సినిమాలో చివరి షాట్ తప్ప అన్నిటికీ ఫొటోలు తీయడం పూర్తయింది. రెండు నిమిషాల కథ, మాటల్లేవు. ఒక తాతగారు సాయంత్రం అరుగు మీద రెండు గ్లాసుల టీ పెట్టుకుంటారు. ఒకటి తాగుతారు, రెండోది అలాగే వదిలేస్తారు. రోజూ అంతే. ఒక రోజు మాత్రం రెండో గ్లాసు ఖాళీగా ఉంటుంది. ఎవరు తాగారో నేను చెప్పను.

ఈ పనిలో నేను గట్టిగా పట్టుకున్నది ఒకటే: ప్రశ్న ఒక్కచోటే ఉండాలి. ఎవరు, ఎక్కడ, ఎంతసేపు గడిచింది అన్నవి చిన్నపిల్లలకు కూడా తెలిసిపోవాలి. మైకేల్ డుడోక్ డి విట్ 2000లో తీసిన 'ఫాదర్ అండ్ డాటర్' అనే చిన్న యానిమేషన్ సినిమా అందుకే మళ్లీ మళ్లీ చూస్తున్నా. నాన్న పడవెక్కి వెళ్లిపోతాడు. కూతురు సైకిల్ మీద ఆ గట్టుకు వస్తూనే ఉంటుంది, వస్తూనే ముసలిదైపోతుంది. ఆ ఏళ్లు గడవడంలో ఎక్కడా తికమక లేదు. చివరి కలయిక కలా, చావా, నిజమా అన్నదొక్కటే మనకు వదిలేశాడు. అంతవరకు అంత స్పష్టంగా చెప్పాడు కాబట్టే ఆ ఒక్క ప్రశ్న అంత బరువుగా మిగులుతుంది.

నా కథలో ముందు తీసేసింది గోడ మీద ఫొటో. దండ వేసిన ఫొటో కనబడితే మన ప్రేక్షకులకు ఇంకేమీ చెప్పక్కర్లేదు, భార్య పోయిందని అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత ఖాళీ గ్లాసుకు అర్థం ఒకటే మిగులుతుంది. ఫొటో బదులు గడప దగ్గర ఆడవాళ్ల చెప్పుల జత పెట్టాను. ఆవిడ లోపలే ఉండొచ్చు, లేకపోవచ్చు, కూతురు వచ్చి ఉండొచ్చు.

కాకి సంగతి ఇంకా బాగుంది. మధ్యలో ఒక షాట్‌లో అది ప్రహరీ మీద వాలుతుంది. అంతవరకు కలిపి ఇంట్లో చూపిస్తే అమ్మమ్మ వెంటనే చేతులు జోడించింది. తమ్ముడేమో "టీ కాకే తాగేస్తుంది చూడు" అన్నాడు. ఇద్దరికీ సరిపోయే కథ కావాలి నాకు. అందుకే కాకిని ఉంచాను, కానీ గ్లాసు దగ్గరికి రానివ్వలేదు.

ఇక పని వివరాలు. బొమ్మలు మందపాటి (300 జీఎస్ఎం) డ్రాయింగ్ షీట్‌తో చేసినవి, కీళ్లకు రెండు వైపులా ముడేసిన దారం. ఫోన్ పైనుంచి కిందికి చూసేలా స్టాండుకు బిగించి, ఫొటో ఫొటోకీ వెలుగు, రంగు, స్పష్టత మారకుండా ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ లాక్ చేశా. కిటికీకి మందపాటి దుప్పటి కట్టాలి, లేకపోతే మబ్బు కదిలినప్పుడల్లా వెలుగు మారి బొమ్మ మినుకుమంటుంది. సెకనుకు 12 ఫొటోలు సరిపోతున్నాయి. టీకి గోధుమరంగు సెల్లోఫేన్ వాడా. గాజు గ్లాసు కాబట్టి ఖాళీ అయితే చూడగానే తెలుస్తుంది.

కాలం గడిచిందని చెప్పడానికి డిజాల్వ్ (ఒక దృశ్యం మెల్లగా ఇంకోదానిలో కలిసిపోవడం) వాడలేదు, ఆ పని ఆవిరికి అప్పగించా. ట్రేసింగ్ పేపర్‌తో కత్తిరించిన ముక్కలు మార్చి మార్చి పెడితే ఆవిరి లేస్తున్నట్టే ఉంటుంది. అది పలచబడి ఆగిపోతే టీ చల్లారింది, చీకటి పడబోతోంది అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. సాయంత్రపు మంచుకు మాత్రం రష్యన్ యానిమేటర్ యూరీ నార్‌స్టీన్ 1975లో తన సినిమా 'హెడ్జ్‌హాగ్ ఇన్ ద ఫాగ్'లో చేసిన పద్ధతి పట్టుకున్నా. పల్చటి కాగితాన్ని బొమ్మ మీద పెట్టి, ఒక్కో ఫొటోకి కొంచెం కొంచెం కెమెరా వైపు ఎత్తుతూ పోతే బొమ్మ మసకబారిపోతుంది. నేను కాగితం అంచుల కింద అట్టముక్కలు ఒక్కొక్కటిగా పేరుస్తున్నా.

చివరి షాట్‌లో తేల్చుకోవాల్సింది ఖాళీ గ్లాసును ఎంతసేపు చూపాలన్నది. ట్రయల్‌లో రెండు సెకన్లు పెడితే ఎవరూ గమనించలేదు. ఆరు పెడితే 'ఇదిగో చూడండి' అని వేలు పెట్టి చూపినట్టుంది. నాలుగు దగ్గర ఆగాను, అంటే 48 ఫొటోలు. తాతగారి తల వీధి వైపే ఉంటుంది. గ్లాసు చూసి నవ్వితే ఆయనకు తెలుసని నేనే చెప్పేసినట్టు అవుతుంది. నల్లగా ఫేడ్ చేసినా ఆయన పోయారనుకుంటారు, కాబట్టి నేరుగా కట్.

ఆ షాట్ అవగానే శబ్దాలు మొదలుపెడతా. గ్లాసు అరుగు మీద పెట్టిన చప్పుడు, కాకి రెక్కలు, దూరంగా సైకిల్ బెల్లు. సంగీతం వద్దనుకుంటున్నా, విషాదంగా ఒక్క స్వరం పడినా చెప్పుల జత ఎవరిదో తేలిపోతుంది.