సుజౌ మ్యూజియం మోడల్, నాలుగో వారం: కొండలు నిలబడ్డాయి

ఈ వారమంతా రాళ్లతోనే సరిపోయింది. కప్పు పని ముట్టుకోలేదు.

చైనాలోని సుజౌలో ఉన్న ఈ మ్యూజియం ఆర్కిటెక్ట్ ఐ.ఎం. పే డిజైన్. 2006లో తెరిచారు. పే కుటుంబానిది ఆ ఊరే. పక్కనే 16వ శతాబ్దపు తోట, మధ్యలో తెల్ల గోడ. ఆ గోడ ముందు పలకలుగా కోసిన రాళ్లను కొండల వరుసలా నిలబెట్టారు. చైనా సాంగ్ రాజవంశ కాలపు (10-13 శతాబ్దాలు) చిత్రకారుడు మీ ఫూ సిరాతో వేసే మబ్బు కొండల తీరు అది. గోడ కాగితం, రాయి సిరా. నేను ఈ మోడల్ మొదలుపెట్టిందే ఆ గోడ కోసం.

నా స్కేలు 1:100, అంటే అసలు కొలతలో వందో వంతు. కొండలకు కడప బండ ముక్కలు తెచ్చాను, బండల షాపు వెనక కుప్పలో ఊరికే దొరికాయి. అంచున సన్న ఉలి పెట్టి మెల్లగా కొడితే పొరలుగా విడతాయి. ఇరవై ముక్కల్లో పనికొచ్చినవి పదకొండు. అడుగు మాత్రం 80 నంబరు గరుకు కాగితం మీద చదును చేయాలి, లేకపోతే నిలబడవు.

అసలు రాళ్లను మంటతో కాల్చి రంగులో తేడా తెచ్చారు. నేనూ ఒకటి గ్యాస్ స్టవ్ మీద పట్టాను. టప్‌మని పగిలి ముక్క పోపుల డబ్బాలో పడింది. కళ్లజోడు ఉండబట్టి బతికిపోయాను. మీరు మాత్రం ఆ పని చేయకండి.

తర్వాత తేలిక దారి దొరికింది. వెనక వరుసను గరుకు కాగితంతో రుద్దితే తెల్లబారి మంచులో ఉన్నట్టుంది. ముందు వరుసకు కొబ్బరినూనె రాస్తే నల్లగా నిగనిగలాడింది. కానీ తుడవకుండా అంటించేశాను, నూనె దిగి ఫోమ్ బోర్డు మీద పసుపు మరక! అడుగు బోర్డు మళ్లీ కోశాను. రాళ్లకూ గోడకూ మధ్య 2 సెంటీమీటర్లు వదలండి. ఆనిస్తే కొండలు కాదు, గోడకి కొట్టిన స్కర్టింగ్‌లా కనిపిస్తాయి.

ఇక కప్పు. పే అక్కడ పాతకాలపు పెంకులు వదిలి బూడిద రంగు గ్రానైట్ పలకలు వేయించాడు. వానకు తడిస్తే అవి నల్లబడతాయి. నేను ఈ వారానికి ముందే ఎండ రోజు రంగు కలిపి పెట్టాను: తెలుపు రెండు పాళ్లు, నలుపు ఒకటి, చుక్క నీలం. డైమండ్ ఆకారం ముక్కలు 140 అప్పుడే కోశాను, ఇంకా మూడొందలు కోయాలి. కొత్త బ్లేడ్లు కొనాలి.