విశాఖలో రష్యా పాస్‌పోర్టు

2022 నవంబరులో రష్యా స్నేహితురాలితో కలిసి విశాఖ వెళ్లాను. ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై దాడి మొదలైనప్పటి నుంచి, ఎవరైనా ఏ దేశమని అడిగితే ఆమెకు టెన్షన్. యూరప్‌లో ఉంటున్న తెలిసినవాళ్లు బస్సుల్లో సొంత భాష మాట్లాడటమే మానేశారట.

అప్పట్లో విదేశీయులు దిగితే హోటల్ వాళ్లు వాళ్ల వివరాలతో ఫారమ్-సి అనే పత్రం నింపాల్సి ఉండేది, కాబట్టి పాస్‌పోర్టు చూపించక తప్పలేదు. రిసెప్షన్ కుర్రాడు చూసి, "రష్యానా మేడమ్! మా నాన్న స్టీల్ ప్లాంటులో మీ ఇంజినీర్లతో పనిచేశారు" అంటూ లేచి నిలబడ్డాడు. రష్యా బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డులు మార్చి నుంచే బయటి దేశాల్లో పనిచేయడం లేదు. ఆమె నోట్లు లెక్కపెట్టి ఇస్తుంటే అతను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూశాం. 1969లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చి, 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసింది. లోపల గైడుగా ఉన్న రిటైర్డ్ నేవీ ఆయన ఆమె దేశం తెలిశాక మమ్మల్ని ఒక పట్టాన వదల్లేదు. ఆ మర్యాద నిజమైనదే. కానీ అది పాత సోవియట్ మీది అభిమానం. అందులో ఉక్రెయిన్ కూడా ఉండేది కదా అనిపించింది.

సాయంత్రం మురీ మిక్చర్ బండి దగ్గర ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాం. "ఏ దేశమమ్మా మీది?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే స్నేహితురాలు "రష్యా" అంది. ఆవిడ చేతిలో పొట్లం అలాగే ఆగిపోయింది.

"మావాడు ఉక్రెయిన్‌లో, ఖార్కివ్‌లో మెడిసిన్. మీవాళ్లు బాంబులేస్తుంటే నేలమాళిగలో దాక్కున్నాడు. మన పిల్లల్ని వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ విమానం ఎక్కేదాకా నాకు ముద్ద దిగలేదు."

ఒక్క ముక్క తగ్గించకుండా స్నేహితురాలికి ఆమె భాషలో చెప్పాను. తగ్గిస్తే ఇద్దరికీ అన్యాయమే. ఆమె తల దించుకుని క్షమించమంది. ఆవిడ ఫరవాలేదనలేదు. కాసేపాగి, "మీ ఇంట్లో మగపిల్లలున్నారా?" అన్నారు.

తమ్ముడున్నాడు. సెప్టెంబరులో సైన్యానికి పిలుపులు మొదలవగానే కజకిస్తాన్ వెళ్లిపోయాడు.

"మంచి పని చేశాడు. అక్కడ తిండి అదీ ఎలాగమ్మా మరి?"

హోటల్లో దొరికిన మర్యాద కంటే ఈ ప్రశ్నకే నేను ఎక్కువ విలువిస్తాను. ఆవిడ కోపం దాచుకోలేదు, అయినా ఎదుట కూర్చున్న మనిషిని వదిలేయలేదు. చీకటి పడేదాకా ఇద్దరూ ఆ కుర్రాళ్ల గురించే మాట్లాడుకున్నారు. కొడుకు ఇంటి నుంచే ఆన్‌లైన్ క్లాసులు వింటున్నాడట. మీవాళ్లు కరెంటు స్టేషన్ల మీద బాంబులేసినప్పుడల్లా అక్కడి మాస్టారు పాఠం మధ్యలోనే తెర మీంచి మాయమైపోతున్నారని ఆవిడ ఆమె మొహం మీదే చెప్పారు.