గేట్ సీఎస్ రాసేవాళ్ళకి: ఈఆర్ మోడల్‌ని ఒక్క పూటలో దాటేయకండి

ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్ష (నాది సీఎస్, అంటే కంప్యూటర్ సైన్స్) ఫలితాలు వచ్చాయి, నేను అనుకున్న ర్యాంకే వచ్చింది. అప్పట్నుంచి జూనియర్లు ఫోన్ చేసి, "అక్కా, డీబీఎంఎస్ ఎలా చదివావు?" అని ఆ డేటాబేస్‌ల సబ్జెక్టు గురించి అడుగుతూనే ఉన్నారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. ఆల్గారిదమ్స్, ఓఎస్ గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది. నేను ఈఆర్ మోడల్ గురించే చెబుతాను, అంటే డేటాబేస్ కట్టేముందు అందులో ఏమేం ఉంటాయో, వాటి మధ్య సంబంధాలేమిటో బొమ్మగా గీసుకునే పద్ధతి. డీబీఎంఎస్ మొత్తం నాకు అక్కడే చేతికి చిక్కింది.

నేను వెళ్ళిన కోచింగ్‌లో ఈ చాప్టర్ ఒక్క పూటలో అయిపోయింది. పెట్టె అంటే ఎంటిటీ (వివరాలు దాచుకోవాల్సిన వస్తువు), డైమండ్ అంటే రిలేషన్‌షిప్ (వాటి మధ్య సంబంధం), ఒన్ టు మెనీకి (ఒకదానికి చాలా) రెండు టేబుళ్ళు, మెనీ టు మెనీకి (చాలావాటికి చాలా) మూడు, బట్టీ పట్టండి, పదండి తరవాతి చాప్టర్ నార్మలైజేషన్‌లోకి. టెస్ట్ సిరీస్‌లో ప్రశ్న కొంచెం మెలిక తిరిగిందంటే క్లాసులో సగంమందికి టెన్షన్. అంతకుముందు ఏడాది గేట్‌లో నా డీబీఎంఎస్ మార్కులు ఎలా ఉన్నాయో చెప్పక్కర్లేదు.

విశాఖలో ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో చదువుకుని, సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో గాజువాక బస్సు కోసం నిలబడేదాన్ని. ఒకరోజు బస్సు ఎంతకీ రాలేదు. ఊరికే ఉండటం ఎందుకని రఫ్ నోట్సు తీసి ఆ బస్సులకే ఈఆర్ బొమ్మ గీయడం మొదలుపెట్టాను. రూటు ఒక ఎంటిటీ, స్టాపు ఒక ఎంటిటీ. ఒక రూటులో చాలా స్టాపులుంటాయి. ఎన్‌ఏడీ జంక్షన్‌లో గాజువాక బస్సూ ఆగుతుంది, సింహాచలం బస్సూ ఆగుతుంది. అంటే మెనీ టు మెనీ. ఇంతవరకూ మీకూ తెలుసు.

మరి ఎన్‌ఏడీ ఎన్నో స్టాపు? ఆ నంబరు ఎక్కడ రాయాలి? స్టాపు టేబుల్లో రాద్దామంటే ఒక్కో రూటుకి ఒక్కో నంబరు. రూటు టేబుల్లో రాద్దామంటే ఒక రూటుకి అన్ని స్టాపులాయె. రూటూ స్టాపూ కలిసే ఆ డైమండ్‌కి తగిలిస్తే తప్ప దానికి చోటు లేదు. "రిలేషన్‌షిప్‌కీ ఆట్రిబ్యూట్లు (సొంత వివరాలు) ఉండవచ్చు" అని అన్నాళ్ళూ అండర్‌లైన్ చేసుకున్న వాక్యం అప్పుడు అర్థమైంది. మూడో టేబుల్ ఎందుకు తప్పదో కూడా తెలిసింది. దాని కీ, అంటే ఒక్కో రికార్డుని విడిగా గుర్తుపట్టించేది, రూటు నంబరు, స్టాపు నంబరు కలిపి. అయితే బస్సు చుట్టు తిరిగి అదే స్టాపుకి రెండోసారి వస్తే ఆ కీ పనిచేయదు, రూటు నంబరు, వరస నంబరు కలిపి కీ చేసుకోవాలి. బస్సులు నిజంగా ఎలా తిరుగుతాయో తెలియకుండా కీ ఏదో చెప్పలేం.

వీక్ ఎంటిటీ (తనంతట తనకి గుర్తింపు లేనిది) కూడా ఆ పేజీలోనే తేలింది. మూడో ట్రిప్పు అంటే ఏ రూటులో మూడోది? ప్రతి రూటుకీ ఒక మూడో ట్రిప్పు ఉంటుంది. రూటు నంబరు తోడైతేనే దానికి గుర్తింపు, రూటే తీసేస్తే ట్రిప్పూ లేదు. డబుల్ గీతల పెట్టె, డబుల్ డైమండ్, టోటల్ పార్టిసిపేషన్ (ఏ ఒక్కటీ ఆ సంబంధం లేకుండా ఉండకూడదనడం) అన్నీ ఇందుకే. 1976లో పీటర్ చెన్ ఈ మోడల్‌ని ప్రతిపాదించింది కూడా ఈ పద్ధతికే: ముందు లోకంలో ఏమేం ఉన్నాయో, వాటి మధ్య సంబంధాలేమిటో చూసుకోవాలి, టేబుళ్ళ సంగతి ఆ తరవాత. మనం కోచింగ్‌లో తలకిందులుగా టేబుళ్ళ లెక్కతో మొదలుపెడతాం.

ఇక పాత పేపర్లు. 2005లో వచ్చిన ప్రశ్న మీకు తెలిసే ఉంటుంది: రెండు ఎంటిటీలు, వాటి మధ్య ఒక ఒన్ టు మెనీ, ఒక మెనీ టు మెనీ, కనీసం ఎన్ని టేబుళ్ళు? మూడు. ఒన్ టు మెనీ అనేది మెనీ వైపు టేబుల్లో ఫారిన్ కీగా (అవతలి టేబుల్ కీని ఇక్కడ రాసుకోవడం) సర్దుకుంటుంది, రెండోదానికి సొంత టేబుల్ కావాలి. ఇక్కడే ఇంకో మెలిక పెడతారు, టోటల్ పార్టిసిపేషన్. ప్రతి బస్సుకీ ఒక డిపో ఉండి తీరాలంటే డిపో నంబరును బస్సు టేబుల్లో నిశ్చింతగా కలిపేయవచ్చు. ఇంకా డిపో కేటాయించని బస్సులుంటే ఆ గడుల్లో నల్‌లు (విలువ లేని ఖాళీలు) వస్తాయి. ప్రశ్నలో "కనీసం" అన్నారా, "నల్‌లు ఉండకూడదు" అన్నారా చూసుకోండి. జవాబు దాన్నిబట్టే మారుతుంది. మల్టీవాల్యూడ్ ఆట్రిబ్యూట్‌కి (ఒకటికి మించి విలువలుండేదానికి) వేరే టేబుల్, అది మామూలే.

ఇలాంటి లెక్క న్యూమరికల్ ప్రశ్నగా వస్తే ఆప్షన్లుండవు, ఊహించి కొట్టడం కుదరదు. నెగటివ్ మార్కులూ ఉండవు కాబట్టి ఖాళీ వదలకండి. 2021 నుంచి వస్తున్న ఎంఎస్‌క్యూలకీ (ఒకటి లేదా ఎక్కువ సరైన ఆప్షన్లుండే ప్రశ్నలకీ) నెగటివ్ లేదు, కాకపోతే సరైనవన్నీ పెడితేనే మార్కు. ఆప్టిట్యూడ్ 15 మార్కులు, మ్యాథ్స్ రోజూ కొంచెం. వాటి గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

అంత చిన్న చాప్టర్ మీద అన్నాళ్ళు ఎందుకు కూర్చున్నావని స్నేహితులు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. చేయనీయండి. ఆ తరవాత ఎస్‌క్యూఎల్ జాయిన్లు, ఫంక్షనల్ డిపెండెన్సీలు లాంటి తరవాతి చాప్టర్లు చకచకా సాగిపోయాయి, ఎందుకంటే ప్రతి టేబుల్ ఎక్కడినుంచి పుట్టిందో నాకు కనిపించేది. వాళ్ళు బీచ్ రోడ్డులో రీల్స్ తీసుకుంటుంటే నేను బొమ్మలు గీసుకున్నాను. క్రమశిక్షణ అంటే పొద్దున్నే నాలుగింటికి లేవడమే అనుకుంటారు మనవాళ్ళు. నేను ఏడున్నరకి లేచేదాన్ని. కానీ ఒక ప్రశ్న తేలకుండా పేజీ తిప్పలేదు, ఫోన్ ముట్టుకోలేదు. అది చేయలేనివాళ్ళు మెటీరియల్ బాగోలేదని కోచింగ్‌లు మారుస్తూ ఉంటారు.

నేనిప్పుడు ఎంటెక్ సీట్ల కౌన్సెలింగ్ గొడవలో ఉన్నాను, ఒకవైపు ఐఐటీల కోప్, ఇంకోవైపు ఎన్‌ఐటీల సీసీఎంటీ. జవాబులు ఆలస్యం కావచ్చు. డౌట్లుంటే బొమ్మ గీసి ఫోటో పంపండి. "ఎన్ని టేబుళ్ళు అక్కా?" అని మాత్రం అడిగితే నేను చెప్పను.